బాపు చేతికి ఒక్క రిమోట్

ప్రశ్న: మాది హనుమకొండ. టీవీకి, సెట్‌టాప్ బాక్స్‌కు, హోం థియేటర్‌కు కలిపి ఇంట్లో మూడు రిమోట్లున్నాయి. ఏది దేనిదో తెలియక మా బాపు రోజూ టెన్షన్ పడుతున్నారు. అందుకని లెర్నింగ్ రిమోట్, అంటే పాత రిమోట్ల బటన్లను నేర్చుకుని వాటి పని తానే చేసేది, కొన్నాను. బటన్లన్నీ నేర్పాను గానీ, వాల్యూమ్ ఒకసారి పనిచేస్తే రెండుసార్లు పనిచేయదు. రిమోట్ మార్చాలా? ఏసీకి కూడా ఇదే వాడుకోవచ్చా?

జవాబు: మార్చనక్కర్లేదు, వాల్యూమ్ బటన్లు మళ్లీ నేర్పండి. రిమోట్ ముందు భాగంలోని చిన్న ఎల్‌ఈడీ నుంచి కంటికి కనిపించని పరారుణ కాంతి వస్తుంది. చాలా రిమోట్లలో అది సెకనుకు దాదాపు 38 వేల సార్లు వెలిగి ఆరుతుంది. మధ్యమధ్య ఎంతసేపు ఆగిందన్న దాన్నిబట్టే అది ఏ బటనో టీవీకి తెలుస్తుంది. లెర్నింగ్ రిమోట్ ఆ లయను విని దాచుకుంటుంది. నేర్పేటప్పుడు వేరే వెలుతురు పడి సరిగా వినకపోతే, ఆ తప్పునే ప్రతిసారీ పంపుతుంది.

మన ఓరుగల్లు ఎండ కిటికీలోంచి నేరుగా పడే చోట ఈ పని పెట్టుకోవద్దు. పరదా వేసి, ట్యూబ్‌లైటు ఆర్పండి. రెండు రిమోట్లకూ కొత్త సెల్స్ వేయండి. బల్ల మీద వాటి మూతులు ఎదురెదురుగా, రెండు మూడు వేళ్ల ఎడంతో పెట్టండి. చిక్కంతా ఇక్కడే వస్తుంది: ఒకటి లావుగా, ఒకటి సన్నగా ఉంటే ఒకదాని కాంతి రెండోదాని నెత్తి మీంచి పోతుంది. సన్నని దాని కింద నోటుపుస్తకం పెడితే మూతులు సమానంగా వస్తాయి. తర్వాత కొత్త రిమోట్‌లోని సెట్ బటన్‌ను లైటు నిలకడగా వెలిగేదాకా పట్టుకోండి. అందులోనే కావలసిన బటన్ నొక్కి, పాత రిమోట్‌లో వాల్యూమ్ నొక్కండి. లైటు మినుకుమంటే పట్టినట్టే. మోడల్‌ను బట్టి ఈ వరుస కాస్త మారుతుంది, డబ్బాలోని కాగితం చూసుకోండి.

ఒక మాట గట్టిగా చెప్తాను. బటన్లన్నీ నేర్పకండి. పెద్దవాళ్లకు కావలసినవి పవర్, వాల్యూమ్, చానల్, అంతే. నేర్పిన బటన్ల మీద రంగు నెయిల్‌పాలిష్ చుక్క పెడితే తడుముకోకుండా దొరుకుతాయి. పాత రిమోట్లను మాత్రం పారేయొద్దు. సెట్టింగ్స్ మార్చాలంటే అవే కావాలి.

ఏసీ సంగతి వేరు. టీవీ రిమోట్‌లో ఒక బటన్ అంటే ఒకటే ఆజ్ఞ. ఏసీ రిమోట్ మాత్రం ఏ బటన్ నొక్కినా 25 డిగ్రీలు, కూల్, ఫ్యాన్ వేగం అంటూ మొత్తం పరిస్థితినీ ఒకేసారి పంపుతుంది. కాబట్టి ఉష్ణోగ్రత పెంచడం, తగ్గించడం నేర్పినా లాభం లేదు. రిమోట్‌లో 25 పెట్టి, ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ నొక్కేటప్పుడు వచ్చే సంకేతాన్ని ఒక బటన్‌కు, ఆఫ్ సంకేతాన్ని ఇంకో బటన్‌కు నేర్పండి. బాపుకు ఆ రెండూ చాలు. ఏసీ సంకేతం పొడుగు కాబట్టి చవక రిమోట్లలో కొన్నిటికి అది పట్టదు.

ప్రశ్న: కరీంనగర్ నుంచి రాస్తున్నాను. టీవీకి గుచ్చి ఇంటర్నెట్ వీడియోలు చూసే ఫైర్ టీవీ స్టిక్ ఉంది. దాని రిమోట్ బాణం గుర్తులు లెర్నింగ్ రిమోట్‌కు ఎంత నేర్పినా రావడం లేదు. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం ఏమీ లేదు. ఆ బాణాలు స్టిక్‌తో బ్లూటూత్‌లో మాట్లాడతాయి, పరారుణ కాంతి అసలు రాదు. అదే రిమోట్‌లో టీవీ పవర్, వాల్యూమ్ బటన్లుంటే అవి నేర్పి చూడండి. కాంతి వస్తోందో లేదో ఫోన్ సెల్ఫీ కెమెరా ముందు పెట్టి నొక్కితే చాలా ఫోన్లలో తెలుస్తుంది, స్క్రీన్ మీద ఊదారంగు మెరుపు కనిపిస్తుంది.