రూల్ 50(ఎ) మోషన్ వేయకపోతే ఇంకేం దారి?

మీ ఎల్ఎల్ఎం (లా మాస్టర్స్) ప్రశ్న ఇదే కదండీ: అమెరికా ఫెడరల్ కోర్టులో విచారణ జరుగుతుండగా ప్రతివాది లాయరు సివిల్ ప్రొసీజర్ నియమాల్లోని రూల్ 50(ఎ) మోషన్ (వాది సాక్ష్యం చాలదు, జ్యూరీకి పంపకుండానే తీర్పివ్వండని జడ్జిని అడిగే అర్జీ) వేయలేదు, జ్యూరీ వెర్డిక్ట్ వాదికి అనుకూలంగా వచ్చింది, ఇప్పుడు 50(బి) కింద దాన్ని తిప్పించగలడా?

తిప్పించలేడు. 50(బి) అంటే పాత మోషన్‌నే మళ్లీ వినమనడం. కేసు జ్యూరీ చేతికి వెళ్లకముందే 50(ఎ) వేసి ఉండాలి. సాక్ష్యంలో లోపం అప్పుడే చెబితే వాదికి సరిదిద్దుకునే వీలుంటుంది. అంతకుముందు వేసిన సమరీ జడ్జిమెంట్ మోషన్ (విచారణే అక్కర్లేకుండా తీర్పివ్వమని అడిగేది) ఈ లోటు పూడ్చదు. ఆ మోషన్‌లో కోర్టు తోసిపుచ్చింది పూర్తిగా చట్టపరమైన అంశమైతే మాత్రం దాన్ని అప్పీల్లో లేవనెత్తొచ్చని 2023లో డుప్రీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మిగిలింది రూల్ 59. వెర్డిక్ట్ సాక్ష్యాల బరువుకు విరుద్ధమని చూపి కొత్త విచారణ కోరాలి. గడువు 28 రోజులు. వెర్డిక్ట్ రోజు నుంచి కాదు, కోర్టు జడ్జిమెంట్ (తుది తీర్పు) నమోదైన రోజు నుంచి లెక్క. జడ్జి జాలిపడినా పొడిగించలేడు, రూల్ 6(బి)(2) ఒప్పుకోదు. అసలు టెన్షన్ ఇక్కడే: మోషన్ గడువులో పడితే 30 రోజుల అప్పీల్ గడువు దానిపై ఉత్తర్వు వచ్చాక మొదలవుతుంది, ఆలస్యమైతే ఆ గడువు ఆగదు. పరీక్షలో తేదీలిచ్చారంటే ముందు ఇదే చూడండి.