షిహోరో లైన్ ఒక్కసారిగా మూతపడలేదు

నీళ్ళలో మునిగి తేలే ఆ జపాన్ రైలు బ్రిడ్జి ఏ లైన్‌ది, జనం ఎక్కకే మూసేశారా అని అడిగారు కదా. జపాన్ ఉత్తరాన హొక్కైడో దీవిలో షిహోరో లైన్ అండి అది, బ్రిడ్జి పేరు తౌషుబెట్సు. జనం ఎక్కక అన్నది సగమే కరెక్ట్, ఎందుకంటే ఆ లైన్ పై భాగం వేసిందే ముఖ్యంగా కలప కోసం.

ఒబిహిరోలో మొదలై పొలాల మధ్య నుంచి కొండల్లోకి ఎక్కి, 1939కి తొకాచి మిత్సుమాత దాకా వెళ్ళింది, మొత్తం 78 కిలోమీటర్లు. ఆ చివర అడవే, రైలు దిగొచ్చేటప్పుడు దుంగలు తెచ్చేది. 1954లో పెద్ద తుఫాను వచ్చి అక్కడి చెట్లు విపరీతంగా కూలిపోతే, ఆ కలప తియ్యడానికి జనం వచ్చి మిత్సుమాత కొన్నేళ్ళు కళకళలాడింది. తర్వాత చెట్లు తగ్గాయి, లారీలొచ్చాయి, ఊరు ఖాళీ అయింది.

ఆ రోజుల్లోనే దారిలో నుకబిరా అనే ఊరి దగ్గర డ్యామ్ కట్టారు. 1955లో లైన్‌ని ముంపు తగలని వైపుకి మార్చేసి, 1937లో కట్టిన ఈ బ్రిడ్జిని పట్టాలు పీకేసి రిజర్వాయర్లో వదిలేశారు. అంటే లైన్ మూతపడ్డానికి ముప్పై ఏళ్ళ ముందే దీని పని అయిపోయింది, చాలామందికి తెలీదు ఇది.

నాకు నవ్వొచ్చేది 1978 సంగతి. ఆ డిసెంబర్‌లో నుకబిరా నుంచి మిత్సుమాత దాకా రైలు ఆపేసి బస్సు పెట్టారు, కానీ రికార్డుల్లో మాత్రం అది రైల్వే లైనే, మూసినట్టు కాదు! అలా ఎనిమిదేళ్ళకి పైగా నడిపారు. 1980లో నష్టాల లైన్లు వదిలించుకోవడానికి చట్టం తెచ్చారు, చివరికి 1987 మార్చి 23న మొత్తం మూసేశారు, ఇంకో తొమ్మిది రోజులకి జాతీయ రైల్వేనే ముక్కలు చేసి కంపెనీలకి ఇచ్చేశారు.

నేను సప్పోరోలో ఉంటా, ఫిబ్రవరిలో గైడ్‌తో గడ్డకట్టిన రిజర్వాయర్ మీద నడుచుకుంటూ వెళ్ళాను. మన సంగమేశ్వరం గుడి ఎండాకాలంలో బయటపడితే ఇది చలికాలంలో బయటపడుతుంది, కరెంటు కోసం నీళ్ళు వాడేస్తారు, కొత్త నీళ్ళు రావు కదా. దారిలో డ్యామ్‌కి ముందు నరికిన చెట్ల మొదళ్ళు, నీళ్ళు దిగిపోతే పైన ఐసు పలక మాత్రం ఒక్కో మొదలు మీద పుట్టగొడుగు టోపీలాగా నిలబడిపోయింది. బ్రిడ్జి 130 మీటర్లు, 11 ఆర్చులు. బయట కాంక్రీట్, లోపల రాళ్ళు నింపి కట్టారు, అందుకే నీళ్ళు ఇంకి గడ్డకట్టి కరిగి, మళ్ళీ గడ్డకట్టి, పైపొర ఊడిపోయిన చోట లోపలి రాళ్ళు కనిపిస్తున్నాయి, తుప్పు పట్టిన చువ్వలు బయటికొచ్చాయి. దగ్గరికెళ్ళి చెయ్యి పెట్టబోతే గైడ్ వద్దన్నాడు, ఎప్పుడు ఏ ముక్క రాలుతుందో తెలీదట.

90ల్లో ఈ లైన్ ఆర్చ్ బ్రిడ్జిలు పడగొట్టేస్తారంటే లోకల్ వాళ్ళు అడ్డం పడ్డారు, 1998లో కమిషిహోరో టౌన్ కొనేసింది. తౌషుబెట్సుని మాత్రం రిపేర్ చెయ్యకుండా అలాగే వదిలేశారు. నాకైతే అదే కరెక్ట్ అనిపిస్తుంది, సిమెంటు పూసి కొత్తగా చేస్తే చూడ్డానికి ఏముంటుంది?

వెళ్ళాలనుకుంటే ఒబిహిరో నుంచి నుకబిరాకి బస్సుంది, పాత స్టేషన్ ఉన్నచోట చిన్న మ్యూజియం పెట్టారు. సెప్టెంబర్, అక్టోబర్‌లో వెళ్తే బ్రిడ్జి చాలావరకు నీళ్ళలోనే ఉండొచ్చు, ముందే కనుక్కోండి. కారుంటే ఇదే లైన్‌లో పాత హొరోకా స్టేషన్ కూడా వదలొద్దు, అడవిలో ప్లాట్‌ఫాం, పట్టాలు ఇంకా ఉన్నాయి, ఎలుగుబంట్లుంటాయి కాబట్టి గంట ఒకటి బ్యాగుకి కట్టుకోండి.