ఆ ఒక్క 'వెంటనే' గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

నీటి అడుగున దిండ్ల ఆకారంలో గడ్డకట్టే లావా (పిల్లో లావా) మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదలు బాగుంది. మూడో పేరాలో మాత్రం నాకు చిరాకు తెప్పించిన మాట ఒకటి దొరికింది. "నీటిని తాకిన లావా వెంటనే గడ్డకట్టి దిండ్లుగా మారుతుంది" అని రాశావు. వెంటనే గడ్డకడితే అది ఉబ్బేది ఎప్పుడమ్మా? ఉబ్బకుండా దిండు ఎలా అవుతుంది?

వెంటనే గడ్డకట్టేది పైతోలు మాత్రమే. దాదాపు 1,200 డిగ్రీల సెల్సియస్ వేడితో వచ్చే బసాల్ట్ (సిలికా తక్కువున్న, పలుచగా పారే లావా) చల్లని నీటిని తాకగానే, పైన గాజులాంటి పలుచని పొర బిగుసుకుంటుంది. లోపల లావా ఇంకా ఎర్రగా, ద్రవంగానే ఉంటుంది. వెనుక నుంచి వచ్చే లావా దాన్ని నెడుతుంది. పొర సాగి ఒకచోట చిట్లుతుంది. ఆ చీలికలోంచి కొత్త నాలుక ఒకటి బయటికి వచ్చి, తానూ తోలు కప్పుకుని ఉబ్బుతుంది. 1970ల ఆరంభంలో హవాయిలో కిలౌయా అగ్నిపర్వతపు లావా సముద్రంలోకి దిగుతున్నప్పుడు, నీటిలోకి దిగిన ఈతగాళ్లు ఈ దృశ్యాన్ని కళ్లారా చూసి కెమెరాల్లో బంధించారు. పై దిండు ఇంకా మెత్తగా ఉండగానే కింది దిండ్ల సందుల్లోకి కుంగుతుంది. అందుకే దాని పైభాగం గుండ్రంగా, అడుగు మొనదేలి ఉంటుంది. కోట్ల ఏళ్ల తర్వాత పొరలు తలకిందులైనా ఏది పైవైపో భూవిజ్ఞానులు ఆ అడుగును చూసి చెప్పగలరు. వీటన్నిటికీ సమయం పడుతుంది. నీ 'వెంటనే' ఆ సమయాన్ని మింగేసింది.

ఇంకో వాక్యం: "సిలికా ఎక్కువున్న లావా చిక్కగా ఉంటుంది కాబట్టి దిండ్లు కట్టదు." కడుతుంది. అరుదుగా కడుతుంది. నీ వ్యాసానికి అసలు ప్రాణం ఇక్కడ ఉంటే, దాన్ని ఒక్క వాక్యంతో దాటేశావు. సిలికా అంటే సిలికాన్, ఆక్సిజన్‌ల కలయిక. లావాలో ఆ పరమాణువులు ఒకదానికొకటి గొలుసులుగా, వలలుగా అల్లుకుంటాయి. సిలికా పెరిగేకొద్దీ వల బిగుస్తుంది, ప్రవాహం మొండికేస్తుంది. సిలికా ఎక్కువున్న డేసైట్, రయోలైట్ లావాలు బసాల్ట్ కన్నా కొన్ని వేల, లక్షల రెట్లు జిగటగా ఉండగలవు. అంత జిగట లావాలో సన్నని నాలుక సాగేలోపే చల్లబడి ఆగిపోతుంది. లావుపాటి ముద్ద మాత్రమే లోపలి వేడిని కాపాడుకుంటూ ముందుకు కదలగలదు. అందుకే బసాల్ట్ దిండు సాధారణంగా మీటరు లోపే ఉంటే, సిలికా ఎక్కువున్న వాటిలో అవి కొన్ని మీటర్ల దాకా, ఒక్కోచోట ఇంకా పెద్దవిగా పెరుగుతాయి. చాలాసార్లు పైపొర నెట్టుడుకు తాళలేక గాజు ముక్కలుగా విరిగిపోయి, దిండ్ల చుట్టూ పెంకుల గుట్టలా పేరుకుంటుంది.

మరి ఎప్పుడు వీలవుతుంది? వేడి ఎక్కువున్నప్పుడు. లోతైన నీటి ఒత్తిడికి లావాలోని నీరు ఆవిరై పోకుండా కరిగే ఉండి, ఆ సిలికా వలను తెంచుతున్నప్పుడు. 2009లో పసిఫిక్‌లోని వెస్ట్ మాటా అనే సముద్రగర్భ అగ్నిపర్వతం దగ్గర, సుమారు 1,200 మీటర్ల లోతున, బసాల్ట్ కన్నా సిలికా ఎక్కువున్న బోనినైట్ లావా దిండ్లు కట్టడాన్ని రోబో కెమెరాలు చిత్రించాయి. అది బాగా వేడిగా వచ్చే లావా. సిలికా ఒక్కటే తీర్పు చెప్పదని నీ పాఠకుడికి తెలియాలి.

తీర్పు చెప్పేది రెండు వేగాల పోటీ: తోలు గట్టిపడే వేగం, లావా పారే వేగం. 1990 ప్రాంతంలో ఫింక్, గ్రిఫిత్స్ అనే ఇద్దరు పరిశోధకులు చల్లని చక్కెర ద్రావణం అడుగున మైనం వదిలి ఇదే పరీక్షించారు. నెమ్మదిగా వదిలితే దిండ్లు కట్టింది. వేగం పెంచేకొద్దీ మడతలు పడింది, మరీ పెంచితే పలకలా పరుచుకుంది. మైనం అదే, మారింది వేగం.

కాలం గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. నా తొలి వ్యాసాల్లో ఒకదానిలో లావా చల్లారే క్రమాన్ని రెండు పేజీలు రాశాను. ఒక పత్రిక సంపాదకుడు ఆ రెండు పేజీలూ కొట్టేసి, "క్షణాల్లో రాయిగా మారే అద్భుతం" అన్న ఒక్క వాక్యం పెట్టారు. పైగా 'జిగట' తీసేసి 'సాంద్రత' అని దిద్దారు. సాంద్రత వేరు, జిగట వేరు. నూనె నీటి మీద తేలుతుంది, అయినా నీటికన్నా జిగట. అచ్చయిన ఆ తప్పు నా పేరు మీదే ఉండిపోయింది. ఆ తర్వాత మూడేళ్లు ఆ పత్రికకు ఒక్క అక్షరం పంపలేదు. 'క్షణాల్లో' అన్న మాట కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కలం పేరు గురించీ, పోటీల గురించీ అడిగావు. వాటి సంగతి తర్వాత. ముందు మూడో పేరా మళ్లీ రాయి. ఈసారి ఒడ్డున నిలబడి కాదు, తోలు లోపల ఇంకా ఎర్రగా ఉన్న లావా వైపు నుంచి రాయి. రాశాక చిత్తుప్రతితో సహా పంపు, కొట్టివేతలు కూడా చూస్తాను.