నాన్నగారితో వేడినీటి బుగ్గలకి: గోల్డ్ స్ట్రైక్ వద్దు, అరిజోనా వైపు వెళ్ళండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. జనవరి మొదటి వారంలో మీరూ, మీ ఆవిడా, మీ నాన్నగారూ లాస్ వేగాస్ వస్తున్నారు. నాన్నగారికి 61 ఏళ్ళు, షుగర్ ఉంది, అయినా రోజూ గంటసేపు నడుస్తారు. హూవర్ డ్యామ్ దిగువన గోల్డ్ స్ట్రైక్ కాన్యన్‌లో (నిటారు గోడల మధ్య లోయ) ఉన్న వేడినీటి బుగ్గల వీడియోలు చూశారు. ముగ్గురూ వెళ్ళొచ్చా అని అడుగుతున్నారు.

నేను ఆరేళ్ళుగా లాస్ వేగాస్ పక్కనే ఉన్న హెండర్సన్‌లో ఉంటున్నాను. గోల్డ్ స్ట్రైక్‌లోకి ఐదుసార్లు దిగాను. నదికి అవతల, అరిజోనా వైపు ఉన్న బుగ్గలకి నాలుగుసార్లు వెళ్ళాను, అందులో ఒకసారి మా నాన్నగారిని తీసుకుని. నాన్నగారు వస్తుంటే మాత్రం గోల్డ్ స్ట్రైక్ పెట్టుకోకండి, అరిజోనా వైపు వెళ్ళండి.

రెండూ కొలరాడో నది పక్కన, బ్లాక్ కాన్యన్‌లోనే ఉన్నాయి. దూరంలో పెద్ద తేడా లేదు, రానూపోనూ ఆరు మైళ్ళకి కాస్త అటూ ఇటూ. దిగుడు కూడా దాదాపు ఒకటే, సుమారు వెయ్యి అడుగులు. నడకదారుల యాప్‌లో ఈ అంకెలు చూసి రెండూ ఒకటే అనుకునేవాళ్ళు చాలామంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కాలు పెట్టే చోటు ఎలా ఉంటుందో ఆ అంకెల్లో కనబడదు.

గోల్డ్ స్ట్రైక్‌లో మొదట్లో ఎండిన వాగులో కంకర మీద హాయిగా నడుస్తాం. తర్వాత గోడలు దగ్గరపడతాయి, దారికి అడ్డంగా కారంత బండలు వస్తాయి. ఎనిమిదో తొమ్మిదో చోట్ల తాళ్ళు కట్టి ఉంటాయి. వాటిని పట్టుకుని, రాతి వైపు ముఖం తిప్పుకుని, వెనక్కి దిగాలి. ఒకచోట బండ ఆరేడు అడుగులు ఉంటుంది. ఏళ్ళ తరబడి జనం జారి జారి ఆ రాయి అద్దంలా నున్నబడిపోయింది. తాడుకి ముడులు వేసి ఉంటాయి గానీ, ముందు దిగినవాళ్ళ బట్టల నీళ్ళతో అవి తడిసి బరువెక్కి ఉంటాయి. కింద కాలు ఆనే అంచు పైనుంచి కనబడదు. కింద ఒకరు నిలబడి "ఎడమకాలు ఇంకో జానెడు కిందకి" అని చెప్తూ ఉండాలి. ఆ తాడు ఎన్నాళ్ళ నుంచి ఎండకీ నీటికీ నానుతోందో మనకి తెలియదు. గట్టిగా లాగి చూడకుండా ఒళ్ళంతా దాని మీద వదలకండి.

మొదటిసారి వెళ్ళినప్పుడు నేను చేసిన తప్పు చెప్తాను. డిసెంబర్, నలుగురం స్నేహితులం. పొద్దున్న టిఫిన్లూ కబుర్లూ అయ్యాక మధ్యాహ్నం పన్నెండున్నరకి దిగడం మొదలుపెట్టాం. వేడినీళ్ళ దగ్గరికి చేరేసరికి రెండున్నర. ఎవరికీ లేవాలనిపించలేదు. డిసెంబర్‌లో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు గుంకుతుంది. కాన్యన్ అడుగున అంతకంటే ముందే చీకటి కమ్ముతుంది. పైకి వస్తుంటే మూడో తాడు దగ్గర ఒకతని మడమ మెలిపడింది. నలుగురి దగ్గరా కలిపి ఒక్క ఫోన్‌లోనే ఛార్జింగ్ మిగిలింది. సిగ్నల్ ఎలాగూ లేదు. అతన్ని ఒక్కో బండ మీదకి ఇద్దరం కింద నుంచి నెట్టి, ఒకరు పైనుంచి లాగి, పార్కింగ్‌కి వచ్చేసరికి ఎనిమిది దాటింది. తడి బట్టలతో అతను వణికిపోతుంటే నాకు భయమేసింది. బయల్దేరే టైమ్ నిర్ణయించింది నేనే. అప్పటి నుంచి ఎవరితో వెళ్ళినా రెండు మాటలు ముందే చెప్తాను: ఉదయం ఏడున్నరకల్లా నడక మొదలవ్వాలి, తలకి పెట్టుకునే టార్చ్ మనిషికొకటి ఉండాలి.

ఇక అరిజోనా వైపు. వేగాస్ నుంచి వస్తే డ్యామ్ పక్కన నదికి దాదాపు 900 అడుగుల ఎత్తులో ఉన్న కొత్త బ్రిడ్జి దాటాలి. అది 2010లో తెరిచారు. అక్కడి నుంచి సుమారు నాలుగు మైళ్ళు వెళ్తే పార్కింగ్ వస్తుంది. నడిచేది వైట్ రాక్ కాన్యన్ అనే వాగులో. కింద కంకర, అటూ ఇటూ నిటారు గోడలు. అవి పాతకాలపు అగ్నిపర్వతాల రాళ్ళు. కొన్నిచోట్ల రెండు చేతులూ చాపితే గోడలు తగులుతాయేమో అన్నంత ఇరుకు. కంకరలో కాలు దిగబడి పిక్కలు లాగుతాయి తప్ప పడిపోతామనే టెన్షన్ ఉండదు. రోజూ నడిచే మనిషికి ఇది బాగానే ఉంటుంది. అదృష్టం ఉంటే గోడల మీద కొమ్ములు తిరిగిన కొండగొర్రెలు కనబడతాయి. మాకు ఒకసారి తల్లీపిల్లా కనబడ్డాయి.

నది దగ్గరికి చేరాక ఎడమ వైపు, అంటే ప్రవాహం వెళ్ళే దిశలో, ఒడ్డు వెంబడి కొంచెం దూరం బండలెక్కి దిగాలి. నాన్నగారికి మొదటిసారి చేతులు ఆనించాల్సి వచ్చేది ఇక్కడే. తొందరపెట్టకండి. కాసేపటికి పక్క నుంచి గోరువెచ్చని నీటిపాయ వచ్చి నదిలో కలుస్తుంది. దాని వెంట పైకి వెళ్తే ఇనుప నిచ్చెన వస్తుంది, సుమారు ఇరవై అడుగులు. పక్కనే వేడినీళ్ళు ధారగా పడుతుంటాయి కాబట్టి మెట్లు తడిగా ఉంటాయి. నిచ్చెన ఎక్కితే బుగ్గలే. సన్నటి చీలికలాంటి ఇరుకులో ఇసుక బస్తాలు అడ్డం పేర్చి మడుగులు కట్టారు. ఎంత పైకి వెళ్తే నీళ్ళు అంత వేడి. ఊట దగ్గర 111 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు ఉంటాయి, అంటే మన లెక్కలో 44. ఎప్పుడూ కింది మడుగుతో మొదలుపెట్టండి.

ఆ నిచ్చెన దగ్గర మా నాన్నగారు ఆగిపోయారు. మోకాలు సహకరిస్తుందో లేదో అని. "ఇక్కడే కూర్చుంటాను, మీరు వెళ్ళి రండి" అన్నారు. నేను బలవంతం చేయలేదు. కింద ధారలో చేతులు పెట్టుకుని పది నిమిషాలు నిలబడ్డారు. తర్వాత ఆయనే, "నువ్వు నా వెనకాల ఒక మెట్టు కింద ఉండు, ఎక్కుతాను" అన్నారు. అలాగే ఎక్కాం. ఒక్కో మెట్టు మీదా రెండు పాదాలూ పెట్టాకే పై మెట్టు. మడుగులో కూర్చున్నాక ఆయన మొదట అన్న మాట, "భద్రాచలం దగ్గర గుండాలలో గోదావరి ఇసుక తవ్వితే ఇలాగే వేడినీళ్ళొస్తాయిరా" అని. చిన్నప్పుడు మా తాతయ్య ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళారట. ఆ సంగతి నాకు అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు.

నీళ్ళు ఎందుకు వేడిగా ఉంటాయని నాన్నగారు అడుగుతారు, మావాళ్ళు అడిగారు. కింద మండుతున్న అగ్నిపర్వతమేదీ లేదు. భూమిలోకి ఇంకిన నీళ్ళు రాతి పగుళ్ళ వెంట బాగా లోతుకి దిగి, అక్కడి వేడికి కాగి, మళ్ళీ పగుళ్ళ వెంటే పైకి వస్తాయి, అంతే. ఈ బుగ్గలకి రింగ్‌బోల్ట్ అని ఇంకో పేరుంది. డ్యామ్ లేని రోజుల్లో ఇక్కడ నది ఉరవడి ఎక్కువ. ఆవిరి పడవల్ని తాళ్ళతో ఎదురు లాగడానికి బండల్లోకి ఇనుప రింగులు దిగగొట్టారు. ఆ పేరే నిలిచిపోయింది.

మీ నాన్నగారికి షుగర్ ఉంది కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. చాలా ఏళ్ళుగా షుగర్ ఉన్నవాళ్ళకి పాదాల్లో స్పర్శ తగ్గి ఉండొచ్చు. నీళ్ళు కాలుతున్నా వాళ్ళకి తెలియదు. అందుకని ముందు మీ చేయి పెట్టి చూడండి, పై మడుగుల్లోకి ఆయన్ని దిగనివ్వకండి. బూట్లు కొత్తవి వద్దు, బొబ్బ వస్తే ఇబ్బంది. పొడి సాక్సులు ఒక జత అదనంగా పెట్టండి, తిరుగు నడకకి ముందు పాదాలు తుడిచి, చూసి, అవి తొడగండి. నీళ్ళలో పదిహేను నిమిషాలు చాలు. వేడినీళ్ళలో ఎక్కువసేపు ఉంటే బీపీ పడిపోతుంది, లేవగానే తల తిరుగుతుంది. ఆ తర్వాతే అసలు ఎక్కుడు ఉంది. బీపీకో గుండెకో మందులు వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టర్‌ని అడగండి. గ్లూకోజ్ బిళ్ళలు ఆయన జేబులోనే ఉండాలి, మీ బ్యాగులో కాదు.

తల మాత్రం ఎవరూ ముంచొద్దు, ముక్కులోకి నీళ్ళు పోనివ్వొద్దు. మెదడు తినే అమీబా అని కేరళ కేసులప్పుడు వార్తల్లో విన్నాం కదా, ఆ నేగ్లీరియా ఈ బుగ్గల్లో ఉండొచ్చని ఈ ప్రాంతాన్ని చూసుకునే పార్కు వాళ్ళు హెచ్చరిస్తారు. అది ముక్కు ద్వారానే ఎక్కుతుంది. చాలా అరుదు, కానీ వస్తే బతకడం కష్టం. ధార కింద తల పెట్టి ఫోటో దిగాలని మీ ఆవిడ సరదా పడినా ఒప్పుకోకండి.

నదిలోకి కూడా దిగొద్దు. డ్యామ్ వెనక ఉన్న లేక్ మీడ్ అనే జలాశయం లోతుల్లో నుంచి వచ్చే నీళ్ళు కాబట్టి ఏడాది పొడవునా 54 డిగ్రీల ఫారన్‌హీట్ దగ్గరే ఉంటాయి, అంటే 12 సెల్సియస్. వేడినీళ్ళలో నుంచి లేచి అందులో దూకితే ఊపిరి అందదు. పైగా డ్యామ్ నుంచి వదిలే నీటిని బట్టి మట్టం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. బ్యాగులు నీటి అంచున పెట్టకండి.

వాన సంగతి. మనం నడిచేదే వాగు. మన నెత్తిన ఎండ కాస్తున్నా, పైన ఎక్కడో కురిస్తే ఇక్కడ ఒక్కసారిగా పొంగుతుంది, ఆ ఇరుకులో పక్కకి తప్పుకునే చోటు లేదు. వాతావరణ సూచనలో వాన మాట కనబడితే ప్రయాణం మానుకోండి. జనవరి కాబట్టి ఎండదెబ్బ భయం లేదు. ఆ ఎండల వల్లే ఏటా మే 15 నుంచి సెప్టెంబర్ 30 వరకు ఈ రెండు దారులూ మూసేస్తారు. అయినా గాలి పొడిగా ఉంటుంది, మనిషికి మూడు లీటర్ల నీళ్ళు మోయండి. తినడానికి మేము పులిహోర పట్టుకెళ్తాం, చల్లారినా బావుంటుంది. ఆయన షుగర్‌ని బట్టి మీరు చూసుకోండి. గాజు సీసాలు వద్దు. అక్కడ అందరూ చెప్పుల్లేకుండా తిరుగుతారు.

ఇంకొకటి, చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉన్నా చెప్పాలి. ఈ బుగ్గల్లో కొందరు బట్టలు లేకుండా కూర్చుంటారు, ముఖ్యంగా జనం పలచగా ఉన్నప్పుడు. నాన్నగారితో ముందే ఒక మాట అనేస్తే అక్కడ ఎవరికీ ఇబ్బంది ఉండదు. శని, ఆదివారాలు మడుగులు కిక్కిరిసిపోతాయి, మామూలు రోజు చూసుకోండి.

ఫోన్ గడియారాన్ని నమ్మకండి. చలికాలంలో అరిజోనా టైమ్ వేగాస్ ఉన్న నెవాడా కంటే గంట ముందుంటుంది. బ్రిడ్జి దాటాక ఫోన్ ఎప్పుడు ఏది చూపిస్తుందో చెప్పలేం. చేతి గడియారం వేగాస్ టైమ్‌కి పెట్టుకుని, అందులో పన్నెండు కొట్టగానే నీళ్ళలో నుంచి లేవండి. మీరు వచ్చే వారంలో నాలుగున్నర దాటగానే పొద్దు గుంకుతుంది.

ఒకవేళ ఆ రోజు నాన్నగారికి ఒంట్లో బాగోకపోతే, డ్యామ్ కట్టేటప్పుడు సామాను మోసిన పాత రైలుమార్గం ఉంది, ఇప్పుడు దాన్ని నడకదారి చేశారు. చదునుగా ఉంటుంది, ఐదు సొరంగాలు, పక్కనంతా లేక్ మీడ్. మీరిద్దరూ గోల్డ్ స్ట్రైక్ చూడాలనుకుంటే దానికి వేరే రోజు పెట్టుకోండి, ఆయన్ని కారులో కూర్చోబెట్టి మాత్రం దిగకండి. కింద ఎంతసేపు పడుతుందో మీ చేతుల్లో ఉండదు, పైన ఆయన సిగ్నల్ రాని ఫోన్‌కి చేస్తూ కంగారుపడతారు.