12 పాయింట్ల లైన్లో వత్తులెక్కడ పెట్టేది? జర్నల్ టెంప్లేట్ మార్చిన నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: మీ కాలేజీ పరిశోధన పత్రికను ఇకమీదట బయటి ప్రచురణ సంస్థ వేస్తుంది. వాళ్లు తమ లేటెక్ (వ్యాసాల్ని అచ్చుకి కూర్చే సాఫ్ట్‌వేర్) క్లాస్ ఫైలూ (పేజీ రూపం నిర్ణయించేది), దాంతోపాటు రెండు పేజీల నియమాల చిట్టా పంపారు. మీ పాత టెంప్లేట్‌ని దానికి తగ్గట్టు సరిచేయాలి. వ్యాసాల్లో సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నాకు అచ్చం ఇదే పని తగిలింది, కాకపోతే ఒడియా కూడా కలిసి. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, గజపతి జిల్లా. పక్కనే పాతపట్నం, అది ఆంధ్రా. ఇక్కడ డీటీపీ షాపు పెట్టినవాడికి పెళ్లికార్డు తెలుగులో, ఆఫీసు అర్జీ ఒడియాలో, ప్రాజెక్టు రిపోర్టు ఇంగ్లీషులో రోజూ ఉండేదే. అలా ఒక భాషాశాస్త్ర పత్రిక నా చేతికొచ్చింది. సవర అనే గిరిజన భాష మాటల మీద వ్యాసాలు ఎక్కువ. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే బడిపంతులుగా ఉంటూ సవర నేర్చుకున్నారు కాబట్టి మా ఊళ్లో ఆ పని చేసేవాళ్లకి ఇప్పటికీ కొదవ లేదు. పత్రికను ఒక ప్రచురణ సంస్థ తీసుకుంది. నేను పంపిన మొదటి సంచికను 14 కొర్రీలతో తిప్పి పంపారు.

ముందు నేను చేసిన తెలివితక్కువ పని చెప్తాను, మీరు చేయకండి. వాళ్ల క్లాస్ ఫైలు తెరిచి అందులోనే నేరుగా మార్పులు చేసేశాను. మూడు వారాల తర్వాత వాళ్లు కొత్త వెర్షన్ పంపారు. నేనెక్కడెక్కడ ఏం మార్చానో నాకే గుర్తులేదు. రెండు రాత్రులు కూర్చుని పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాను. ఇప్పుడు చేసేది వేరు. నా పేరుతో ఒక చిన్న క్లాస్ ఫైలు, అందులో మొదటి పని లోడ్‌క్లాస్ ఆదేశంతో వాళ్ల క్లాస్‌ని పిలవడం, ఆ కిందనే నా మార్పులు. వాళ్లు కొత్తది పంపితే పాత ఫైలు తీసి కొత్తది పెడతాను, నాది కదలదు. లేటెక్ క్లాసుల్లో చాలావాటికి ఉండే ఎల్‌పీపీఎల్ లైసెన్సు కూడా మార్చిన ఫైలు మార్చిందేనని తెలిసేలా ఉండాలంటుంది. వేరే పేరు పెడితే ఆ గొడవా తీరిపోతుంది.

ఇక చిట్టా. దాన్ని పైనుంచి కిందికి వరసగా చేసుకుంటూ పోకండి. పెన్సిల్ పట్టుకుని మూడు రకాలుగా గుర్తులు పెట్టండి. కొన్ని వాళ్ల సాఫ్ట్‌వేర్ తనంతట తాను పట్టేవి: కాగితం కొలత, ఫాంట్లు పీడీఎఫ్‌లో పొదిగి ఉన్నాయా లేదా, బొమ్మల నాణ్యత. వీటి మీద వాదించి లాభం లేదు, చేసేయండి. కొన్ని మనిషి కంటితో చూసేవి: హెడ్డింగుల పైన ఖాళీ, పట్టికల గీతలు, పేజీ నంబరు ఎక్కడ ఉండాలి. మూడో రకం ఇంగ్లీషుని మాత్రమే మనసులో పెట్టుకుని రాసినవి. మన అసలు తలనొప్పి ఇక్కడే. వీటిని చేయబోతే పత్రిక పాడవుతుంది, చేయకపోతే తిప్పి పంపుతారు. వాటి గురించి ఉత్తరం రాయాల్సిందే.

అన్నిటికన్నా ముందు రాయాల్సిన ఉత్తరం మాత్రం ఒకటుంది: మీ దగ్గర ఫైళ్లను దేనితో నడుపుతారు? లేటెక్ ఫైలుని పీడీఎఫ్ చేసే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. వాళ్ల సర్వర్‌లో పీడీఎఫ్‌లేటెక్ ఒక్కటే ఉంటే యూనికోడ్ తెలుగు అందులో నడవదు, మీరెంత టెంప్లేట్ చెక్కినా వృథా. జీలేటెక్ గానీ లువాలేటెక్ గానీ కావాలి. లువాలేటెక్ అయితే ఫాంటు పిలిచేచోట రెండరర్ హార్ఫ్‌బజ్ (అక్షరాల్నీ వత్తుల్నీ సరిగ్గా కలిపే భాగం) అని చెప్పండి. ఏది వాడినా స్క్రిప్ట్ తెలుగు అన్న అమరిక తప్పనిసరి, లేకపోతే వత్తులు కిందికి దిగకుండా పొల్లుతో పక్కన నిలబడతాయి. వాళ్ల క్లాస్‌లో పాతకాలపు ఇన్‌పుట్‌ఎన్‌క్, ఫాంట్‌ఎన్‌క్ (పాత అక్షర సంకేతాల ప్యాకేజీలు) పిలుపులు ఉంటే అవి ఈ ఇంజిన్లలో పనికిరావు, ఆపేయండి.

కాగితం కొలత సంగతి చిన్నదే. లేటెక్ మామూలు ఆర్టికల్ క్లాస్‌కి మీరేమీ చెప్పకపోతే అమెరికా లెటర్ సైజు తీసుకుంటుంది. మనకు కావాల్సింది 210 బై 297 మిల్లీమీటర్ల ఏ4. నా 14 కొర్రీల్లో మొదటిది ఇదే. సిగ్గేసింది.

రెండోది మాత్రం నన్ను వారం తిప్పింది. "లైన్ల గడి పేజీ చివరికొచ్చేసరికి కలవడం లేదు" అని రాశారు. అంతా వాళ్లు చెప్పినట్టే ఉంది, లైన్‌కి లైన్‌కి 12 పాయింట్లు. ఎక్కడ తేడా? చివరికి తెలిసిందేమిటంటే, లేటెక్‌లో పాయింటు అంటే అంగుళంలో 72.27వ వంతు. ఇన్‌డిజైన్ అనే పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్‌లోనూ వర్డ్‌లోనూ పాయింటు అంటే సరిగ్గా 72వ వంతు. వాళ్ల నమూనా పేజీ ఇన్‌డిజైన్‌లో చేసింది. 50 లైన్ల పేజీలో ఈ తేడా పోగై దాదాపు 0.8 మిల్లీమీటరు అవుతుంది. మామూలు కంటికి కనబడదు, కానీ వాళ్లు నమూనా మీద మన పేజీ పరిచి చూస్తారు. లేటెక్‌లో ఆ పెద్ద పాయింటుకి బీపీ అని వేరే కొలత ఉంది. కొలతలన్నీ పీటీ తీసి బీపీ చేశాను, కొర్రీ పోయింది. మీ చిట్టాలో పాయింట్లు కనబడగానే ఏ పాయింట్లని అడగండి.

ఇక వత్తుల దగ్గరికి వస్తాను.

చిట్టాలో ఉన్నది: అక్షరం 10 పాయింట్లు, లైను 12. ఇంగ్లీషుకి చక్కగా సరిపోతుంది. తెలుగు పేరా పోస్తే మొదట కనబడింది లైన్ల మధ్య ఎడం ఎగుడుదిగుడుగా ఉండటం. పై లైన్లో "రాష్ట్ర" ఉండి, కింది లైన్లో సరిగ్గా అక్కడే "నీ" గుడి వస్తే రెండూ తగులుకుంటాయి. అవి తగలకుండా లేటెక్ ఆ ఒక్క లైన్ని కాస్త కిందికి తోస్తుంది. వత్తులు లేని లైను దగ్గరగా, ఉన్నది దూరంగా. మూడో కొర్రీ: "లైన్లు సమంగా లేవు."

సరే అని లైన్‌స్కిప్‌లిమిట్ అనే కొలతను బాగా మైనస్‌లోకి తీసుకెళ్లాను. అప్పుడు లేటెక్ తోయడం మానేస్తుంది. లైన్లు సమంగా వచ్చాయి, కానీ వత్తులు వెళ్లి కింది లైను తలకట్ల మీద కూర్చున్నాయి. పోనీ అని తెలుగు ఫాంటుకి స్కేలు 0.85 పెట్టి చిన్నది చేశాను. తగులుడు పోయింది. ప్రింటు తీసి, ప్రూఫులు చూసే మేష్టారికి ఇచ్చాను. ఆయనకి డెబ్భై దాటాయి. కాగితం చెయ్యంత దూరం పట్టుకుని చూసి, "ఏట్రా ఇది, చీమలు పాకినట్టుంది" అన్నారు.

మా నాన్న ట్రెడిల్ మిషన్ నడిపే రోజుల్లో ఇలాంటి చోట లైన్ల మధ్య సీసం పట్టీ ఇంకొకటి దూర్చేవాడు, అంతే. ఎవరినీ అడగక్కర్లేదు. ఇప్పుడు ఆ పట్టీ దూర్చడానికి మూడు మెయిళ్లు పట్టింది.

రాసిన మెయిల్లో వాదన కన్నా కొలతలు ఎక్కువ పెట్టాను. ఒకే పేరాని 12 లోనూ, 15 లోనూ ప్రింటు తీసి, తగులుకున్నచోటల్లా ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి స్కాన్ చేసి పంపాను. ఒక్క పేజీలో 11 సున్నాలు వచ్చాయి. తెలుగు తెలియనివాడికి కూడా అక్కడేదో తప్పుందని తెలుస్తుంది. 15 ఎందుకు, 14 ఎందుకు కాదు అని అడిగారు. దానికి జవాబు రెడీగా ఉంది: 15 చొప్పున నాలుగు తెలుగు లైన్లంటే 60, 12 చొప్పున ఐదు ఇంగ్లీషు లైన్లన్నా 60. రెండు కాలమ్‌ల పేజీలో ఒకవైపు తెలుగు, రెండోవైపు ఇంగ్లీషు ఉన్నా ప్రతి 60 పాయింట్లకీ లైన్లు మళ్లీ కలుస్తాయి. 14 పెడితే కలవాలంటే 84 దాకా ఆగాలి. ఆ లెక్క వాళ్లకి నచ్చింది. తెలుగు పేరాలకి 10 మీద 15, ఇంగ్లీషు వాక్యం మధ్యలో వచ్చే విడి తెలుగు మాటలకి మాత్రం 0.85 స్కేలు, లైను 12. ఒడియాకీ అదే వర్తించింది. టెంప్లేట్‌లో తెలుగు పేరాకి ఒక ఎన్విరాన్‌మెంట్, విడి మాటకి ఒక ఆదేశం, రెండే రాశాను. రచయితలకి నేర్పాల్సింది కూడా ఆ రెండే.

సన్న కాలమ్‌లో ఇంకో చిక్కు ఉంది. మన మాటలు ప్రత్యయాలతో కలిసి బారెడు అవుతాయి, "మాట్లాడుకుంటున్నప్పటికీ" లాంటిది కాలమ్ అంచు దాటి బయటికి పొడుచుకొస్తుంది. పాలీగ్లాసియా అనే లేటెక్ ప్యాకేజీతో తెలుగు భాష ప్రకటిస్తే పదం విరిచే నియమాలు వస్తాయి. విరిచినచోట అడ్డగీత మన దినపత్రికల్లో పెద్దగా ఉండదు, చిట్టాలో మాత్రం ఉండాలని ఉంది. దాని మీద నేను పోట్లాడలేదు, పెట్టేశాను. అన్నిటికీ పోట్లాడితే అసలు దానికి బలం ఉండదు.

మా వ్యాసాల్లో సవర మాటల ఉచ్చారణ ఐపీఏలో (అంతర్జాతీయ ధ్వని లిపిలో) రాస్తారు. గొంతులో గాలి ఆపి పలికే గ్లాటల్ స్టాప్ గుర్తు, చుక్క లేని ప్రశ్నార్థకంలా ఉంటుందే, అది వాళ్లు చెప్పిన టైమ్స్ తరహా ఫాంటులో లేదు. లేకపోతే లేటెక్ ఆగిపోతుందనుకుంటాం కదా? ఆగదు. లాగ్ ఫైల్లో ఒక ముక్క రాసి, పేజీలో ఆ అక్షరం వదిలేసి వెళ్లిపోతుంది. తొమ్మిది చోట్ల పోయింది. అచ్చుకి వెళ్లేముందు రచయితే పట్టుకున్నారు, నేను కాదు. ఇప్పుడు నా క్లాస్ ఫైల్లో ట్రేసింగ్‌లాస్ట్‌చార్స్ విలువ 3 అని పెట్టి ఉంచాను. 2021 టెక్‌లైవ్ (లేటెక్ ప్రోగ్రాములన్నీ కలిపి ఇచ్చే కట్ట) నుంచి అలా పెడితే దొరకని అక్షరం దగ్గర ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. ఐపీఏ ముక్కలకి ఛారిస్ ఎస్‌ఐఎల్ ఫాంటు వాడతాం అని రాస్తే ఒక్క మాటలో ఒప్పుకున్నారు.

రిఫరెన్సుల్లో ఇంటిపేర్లు చూసుకోండి. రిఫరెన్సుల జాబితా కూర్చే బిబ్‌టెక్ చివరి మాటే ఇంటిపేరనుకుంటుంది. మనకి ఇంటిపేరు ముందుంటుంది. "గిడుగు వెంకట రామమూర్తి" అని రాస్తే గిడుగుని పొడి అక్షరం చేసి రామమూర్తిని ఇంటిపేరు చేస్తుంది. ఇంటిపేరు తర్వాత కామా పెట్టి రాస్తే సగం సమస్య తీరుతుంది. మిగతా సగం ఇంకా ఘోరం. పాత బిబ్‌టెక్‌కి యూనికోడ్ తెలియదు, పేరులో మొదటి అక్షరం తీయమంటే మొదటి బైటు తీస్తుంది. తెలుగులో ఒక్కో అక్షరానికి మూడు బైట్లు కాబట్టి మనకి మిగిలేది చెత్త గుర్తు. ప్రచురణ సంస్థ యూనికోడ్ తెలిసిన బైబర్ అనే ప్రోగ్రాంకి ఒప్పుకుంటే అది వాడండి. ఒప్పుకోకపోతే, నాకు అదే అయింది, తెలుగు పేరు మొత్తాన్ని ఇంకో జత ఫ్లవర్ బ్రాకెట్లలో పెట్టేయండి, దాని జోలికి పోదు.

ఫాంట్లు పొదగలేదని కొర్రీ వస్తే తప్పు మీ టెంప్లేట్‌ది కాకపోవచ్చు, బొమ్మలది కావచ్చు. పీడీఎఫ్‌ఫాంట్స్ అనే చిన్న ప్రోగ్రాం నడిపితే ఏ ఫాంటు పొదిగి ఉందో ఏది లేదో పట్టికలా చూపిస్తుంది. గణాంకాల సాఫ్ట్‌వేర్ ఆర్‌లో మామూలుగా తీసిన పీడీఎఫ్ గ్రాఫుల్లో ఫాంట్లు పొదిగి ఉండవు, కైరో పీడీఎఫ్‌తో తీయమనండి. పైథాన్‌లోని మ్యాట్‌ప్లాట్‌లిబ్ గ్రాఫులైతే టైప్ 3 ఫాంట్లు వస్తాయి, చాలామంది వద్దంటారు. ఫాంట్‌టైప్ 42 అని ఒక్క అమరిక మార్చితే చాలు.

పీడీఎఫ్ నుంచి తెలుగు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. వత్తులూ గుడులూ చెల్లాచెదురుగా వస్తే కాపీ కొట్టారా అని వాళ్లు చేసే తనిఖీకీ, వెతుకులాటకీ మీ వ్యాసం అందదు. జీలేటెక్‌లో జనరేట్ యాక్చువల్‌టెక్స్ట్ అనే స్విచ్చి 1 చేస్తే అసలు యూనికోడ్ పాఠం కూడా లోపల ఉంటుంది.

పరీక్షకి నిజమైన వ్యాసం వాడకండి. ఒక రాక్షస ఫైలు తయారుచేసుకోండి: మూడు లైన్ల శీర్షిక, ఎనిమిదిమంది రచయితలు, పట్టికలో ఫుట్‌నోటు, "త్ర్యంబక", "లక్ష్మ్యా" లాంటి మాటలతో నిండిన పేరా. ఏం మార్చినా ముందు అది నడిపి చూడండి. నాది ఇప్పుడు ఆరు పేజీలు. ప్రతి కొర్రీకీ ఒక పేరా కలుస్తూ వచ్చింది.

మీ పాత సంచికలు పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లతో ఉండి, వాటిని కూడా కొత్త టెంప్లేట్‌లోకి ఎక్కించమంటే యూనికోడ్‌లోకి మార్చాక "లో", "లు" చివర ఉన్న ఊళ్ల పేర్లన్నీ వెతకండి. మాకు "బరంపూర్‌లో" అని ఉండాల్సినవన్నీ "బరంపూర్లో" అయ్యాయి, మధ్యలో ఉండాల్సిన కనబడని విడదీత గుర్తు మార్పిడిలో ఎగిరిపోయింది. 40 పేజీల వ్యాసంలో అలాంటివి 60 పైన దొరికాయి, అన్నీ చేత్తోనే దిద్దాను.