చిన్నీ, ముందు నీళ్ల సంగతి అడుగు

అచ్చంపేట

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "అక్కా, నా బిడ్డ బీఈడీ చెయ్యదట. చెట్లు, జంతువులు అనుకుంట నీ లెక్కనే అడవుల పొంటి తిరుగుతదట. నువ్వన్న చెప్పు" అంది. వద్దని చెప్పమని ఆమె ఉద్దేశం. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు బాటనీ చెప్పాను. డాక్టర్లయ్యారు, బ్యాంకుల్లో చేరారు, అడవికి పోతానన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఇప్పుడు మన ఇంట్లోంచే ఒకతి పోతానంటే ఛాతీ పొంగింది. వెంటనే గుండె దడదడలాడింది. వద్దని మాత్రం చెప్పను. చెప్పాల్సినవి వేరే ఉన్నాయి.

చదువు సంగతి నీకు నాకంటే బాగా తెలుసు. డెహ్రాడూన్‌లో వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ, తమిళనాడులో మన్నంపందల్ ఏవీసీ కాలేజీ, మూడింటికీ అప్లై చెయ్యి. సీటు రాకపోతే ఉస్మానియాలోనో పాలమూరు యూనివర్సిటీలోనో బాటనీ ఎమ్మెస్సీ చేసి, ఏదో ఒక ప్రాజెక్టులో అసిస్టెంటుగా చేరు. ఆ దారిన వచ్చినవాళ్లూ ఉన్నారు. స్టాటిస్టిక్స్ అంటే భయపడకు. మ్యాపుల కోసం క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకో, దానికి డబ్బు కట్టనక్కర్లేదు.

జీతం గురించి మీ నాన్న అడుగుతాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ప్రాజెక్టు నడిచినన్నాళ్లే జీతం. అది అయిపోయాక ఇంకోటి దొరికేదాకా నాలుగైదు నెలలు ఖాళీగా కూర్చోవాల్సి రావచ్చు. అందుకని మొదటి జీతం నుంచే ఆరు నెలల ఖర్చు పక్కన పెట్టు. సంబంధాల వాళ్లు "పర్మనెంటా?" అని అడిగితే జవాబు నేను చెబుతాను, ఆ టెన్షన్ నాకు వదిలెయ్.

అడవిలో నోట్సు పెన్సిల్‌తోనే రాయి. చెమటకి, వానకి ఇంకు కారిపోతుంది. నమూనాకి కొమ్మ కోస్తే, కోసిన చోటే దానికి చీటీ కట్టు. పువ్వు రంగు అక్కడే రాసుకో, ఎండిన కొమ్మ మీద అది మిగలదు. చెట్టు చుట్టుకొలత నేల నుంచి 1.37 మీటర్ల ఎత్తులో కొలవాలని పుస్తకం చెబుతుంది. ఆ ఎత్తు నీ ఒంటి మీద ఎక్కడికి వస్తుందో ఒకసారి టేపుతో చూసుకుంటే ఇక ప్రతి చెట్టుకీ వెతుక్కోనక్కర్లేదు. రక్షిత అడవిలో ఆకు తెంపాలన్నా చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ పర్మిషన్ కావాలి. ఆ కాగితం జిరాక్స్ ఎప్పుడూ సంచిలో ఉంచు.

పులి గురించి మీ అమ్మ భయపడుతోంది. పులి నిన్ను చూసేలోపు నీ అలికిడి విని పక్కకు తప్పుకుంటుంది. నాకు భయం ఎలుగుబంటితో. దానికి చూపు అంతంత మాత్రం. మలుపులో ఎదురుపడితే బెదిరి మీదికి వస్తుంది. పొదలున్న చోట గట్టిగా మాట్లాడుతూ, దగ్గుతూ నడువు. రాత్రి నేల మీద పడుకోకు. మంచం వేసుకో, దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకో. కట్లపాము నిద్రలోనే కాటేస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలియదు. పాము కరిస్తే కట్లు కట్టడాలు, కోయడాలు, మంత్రాలు ఏమీ వద్దు. విషానికి విరుగుడు మందున్న ఆస్పత్రికి నేరుగా పోవడమే. క్యాంపుకు చేరిన రోజే ఆ ఆస్పత్రి ఎంత దూరమో, రాత్రిపూట బండి ఎవరిదో కనుక్కో.

ఇక నీళ్లు.

ఇది నీకు చిన్న విషయంగా కనిపిస్తుందని తెలుసు. 1988లో నాకూ అలాగే కనిపించింది.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. నల్లమలలో ఎండు వాలుల మీద పెరిగే చెట్ల గురించి పీహెచ్‌డీ పని. క్యాంపులో నేనొక్కదాన్నే ఆడపిల్లని. ఎవరినీ "కాసేపు ఆగండి, అటు వెళ్లొస్తా" అని అడగలేక, తెల్లారాక నీళ్లు తాగడం మానేసేదాన్ని. మూడు నెలల్లో అదొక అలవాటైపోయింది. ఎక్కువ నీళ్లు మోసేదాన్నీ కాదు. ఒక లీటరు సీసా, అదీ సాయంత్రానికి సగం మిగిలేది. దాన్ని నేను ఓర్పు అనుకున్నాను బిడ్డా. మగపిల్లల కంటే తక్కువ నీళ్లతో నడుస్తానని గర్వపడ్డాను.

ఏప్రిల్ ఆఖరు వారం. ఫర్హాబాద్ అవతల పీఠభూమి అంచు నుంచి కృష్ణ వైపు దిగే లోయలో నారయేపి చెట్లున్నాయి. కాయ ముదిరింది. ఇంకో వారం ఆగితే గాలికి ఎగిరిపోతుంది. నాతో రోజు కూలీ మీద నడిచే చెంచు పెద్దాయన ఒకరు ఉండేవారు. దిగేముందు ఆగి, నేల చూపించారు. "ఎలుగు అడుగు కిందికి పోతలేదు చూడమ్మా. అన్నీ పైచెలిమె దిక్కే పోతున్నయి. కింద నీళ్లుండవు. రేపు పొద్దుగాల నీళ్లు మోసుకొని పోదాం" అన్నారు.

నా చేతిలో టోపోషీటు ఉంది. అసలుది కాదు, జిరాక్స్ కాపీ. అందులో లోయ అడుగున వాగు గీత స్పష్టంగా ఉంది. ఆరు సెంటీమీటర్లు, అంటే మూడు కిలోమీటర్లు. "వాగు ఉంది కదా, మ్యాపులో ఉంది" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. ముందు నడిచారు. చదువుకున్న పిల్ల కాగితం చూపిస్తే ఆయన ఇంకేమంటారు?

పదకొండింటికి కింద చేరాం. కాయలు కోశాను, సంచి నిండింది. వాగులో తెల్లటి రాళ్లు, పెనం మీద పెట్టినట్టు కాలుతున్నాయి. నీళ్లు లేవు. నా సీసా అప్పటికే అయిపోయింది. ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకు పిక్కలు పట్టేశాయి, వాంతి అయింది. తర్వాత చెమట ఆగిపోయింది. చెమట ఆగితే చల్లబడ్డాననుకున్నాను, అంత తెలివితక్కువదాన్ని. ఆయన మాత్రం నా చెయ్యి పట్టుకుని చూసి, ఏమీ అడక్కుండా వాగు ఒడ్డున మద్దిచెట్టు నీడకి మళ్లీ దింపేశారు. ఇసుకలో మోచేతి లోతు తవ్వారు. నీరు ఊరలేదు, తడి ఇసుక మాత్రం తగిలింది. అది తీసి నా పాదాల మీద, కడుపు మీద పెట్టారు. తన సొరబుర్రలో మిగిలిన నీళ్లలో గుడ్డ తడిపి నా మెడ చుట్టూ చుట్టారు, మిగతావి గుక్క గుక్కగా నాకే తాగించారు. ఆయన తాగలేదు. పొద్దు వాలాక నన్ను భుజానికి ఆనించుకుని ఎక్కించారు. ఎలుగులకు వినపడాలని దారంతా దగ్గుతూనే ఉన్నారు. పైచెలిమె దగ్గరికి చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. నేను తాగిన తర్వాతే ఆయన తాగారు.

ఇంతవరకూ అయితే అది నా తెలివితక్కువతనం. ఆ తర్వాత జరిగింది నా తప్పు.

మర్నాడు క్యాంపు చూసే పెద్దమనిషి వచ్చి "అటు ఎవరు తీసుకుపోయారు?" అని అడిగాడు. నేను మంచం మీద ఉన్నాను. నోరు తెరిచి "నేనే పోదామన్నాను, ఆయన వద్దన్నారు" అంటే సరిపోయేది. పనిలోంచి తీసేస్తారేమో, ఆడపిల్లని అడవికి పంపితే ఇలాగే ఉంటుందని నా వెనక వచ్చే పిల్లలను కూడా ఆపేస్తారేమో అని భయపడ్డాను. ఏమీ మాట్లాడలేదు. చెంచాయన దారి తప్పించాడని క్యాంపులో మాట నిలబడిపోయింది. సోమవారం నుంచి ఆయన్ని పనికి పిలవలేదు.

కొన్నేళ్లకు ఒక ఆఫీసులో అదే టోపోషీటు రంగులది చూశాను. నీళ్లుండే వాగుని నీలంగా, ఎండిపోయే వాగుని నల్లగా వేస్తారు. ఆ లోయలో గీత నల్లగా ఉంది. జిరాక్స్‌లో అన్ని వాగులూ నల్లవే కదా. ఆయన నేల చూసి చెప్పిన మాటే అసలు మ్యాపులోనూ ఉంది. నేను రెండూ చదవలేదు.

ఆయన దగ్గరికి వెళ్లడానికి నాకు రెండేళ్లు పట్టింది. పెంటలో, అంటే వాళ్ల చెంచు గూడెంలో, గుడిసె ముందు కూర్చుని విల్లుకు నార కడుతున్నారు. నేను ఏడుస్తూ చెప్పిందంతా విని, "నారేపి గింజలు మొలిచినయా అమ్మా?" అని అడిగారు. మొలవలేదు చిన్నీ. ఆ సంచిని ల్యాబ్‌లో ఒక మూల పెట్టి మర్చిపోయాను, బూజు పట్టింది. ఆ సంగతి కూడా ఆయనకు చెప్పాల్సి వచ్చింది. నా థీసిస్‌లో ఆయన్ని "స్థానిక సహాయకుడు" అని రాశాను. పేరు లేదు. ఇప్పటికీ ఆ పేజీ తెరవలేను.

అందుకే చెబుతున్నా. ఎక్కడ పనికి పిలిచినా జీతం కంటే ముందు రెండు అడుగు: నీళ్లు ఎక్కడ, మరుగుదొడ్డి ఎక్కడ. సిగ్గుపడకు. "అడవిలో అవన్నీ ఉండవమ్మా" అంటే, తెర కట్టి గుంట తవ్వించమని అడుగు. ఆ మాత్రం చెయ్యలేని ప్రాజెక్టు నీకు అక్కర్లేదు. నెలసరి రోజుల్లో బరువు మోయలేకపోతే ఆ మాట నోటితో చెప్పు. ఎండాకాలం మనిషికి నాలుగు లీటర్లకు తగ్గకుండా మోయండి, నీతో నడిచేవాళ్ల నీళ్లూ నువ్వే లెక్క చూడు. పదకొండు లోపు పని ముగించి నీడకి రండి. ఫోన్ సిగ్నల్ లేని చోట ఏ వాలు దిగుతున్నావో కాగితం మీద రాసి, ఒక్క మనిషి చేతికిచ్చి వెళ్లు. చెంచులు కొండకొమ్ము నుంచి తేనెకి దిగేటప్పుడు తాడుని బావమరిది చేతికే ఇస్తారు, తెలుసా? అక్క బతుకు ఆ తాడు మీదే ఉంది కాబట్టి అతను వదలడని. నీ కాగితం కూడా అలాంటి మనిషికే ఇవ్వు.

నా కాలంలో పులి అడుగుల్ని గాజుపలక మీద గీసుకుని లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు నాలుగేళ్లకోసారి దేశమంతా లెక్క తీస్తున్నారు. కెమెరాలు కడతారు, అడవిలో చూసింది నమోదు చేసుకోవడానికి ఫోన్‌లో ఎం-స్ట్రైప్స్ యాప్ నడుస్తుంది. మంచిదే. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ రెండు వేల ఆరు వందల చదరపు కిలోమీటర్లకు పైనే. అందులో కెమెరా ఏ చెట్టుకి కట్టాలో చూపించేది మాత్రం ఇప్పటికీ ఆ పెంటల్లోంచి వచ్చిన వాచర్లే. వాళ్లు చెప్పిన చెట్టు పేరు వాళ్ల నోట పలికినట్టే రాసుకో. నీ రిపోర్టులో వాళ్ల పేరు పూర్తిగా, ఊరితో సహా రాయి, వాళ్లను అడిగి రాయి. 2019లో యురేనియం తవ్వకాలు వద్దని జనం కొట్లాడినప్పుడు ఈ అడవిలో ఏముందని అందరూ అడిగారు. చెప్పగలిగినవాళ్లు చాలావరకు చదువు లేనివాళ్లే. వాళ్ల మాటకు కాగితం మీద చోటు ఇవ్వాల్సింది నాలాంటివాళ్లం. ఇవ్వలేదు.

ఎక్కువ తిట్టానా? నీ చిన్నప్పుడు పిల్లలమర్రి ఊడల మధ్య తప్పిపోయి, వెతుక్కుంటూ వస్తే చీమలబారు పక్కన కూర్చుని "పెద్దమ్మా, ఇవి ఎక్కడికి పోతున్నయ్?" అన్నావు. ఏడవలేదు. ఆ రోజే అనుకున్నాను, ఈ పిల్ల ఇంట్లో కూర్చునే పిల్ల కాదని.

ఈ ఆదివారం రా. ఆ పెద్దాయన లేరు, పోయి చాలా కాలమైంది. మనవడు ఇప్పుడు పులుల ట్రాకర్. మనిద్దరం పెంటకి వెళ్దాం, ఆయన పేరు నీకు అక్కడే చెబుతాను. పోయినేడాది తెప్పించిన నారయేపి గింజల్లో నా పెరట్లో పదకొండు మొలిచాయి. రెండు అక్కడ నాటాలి, వాన పడ్డాక నాటితే బతుకుతాయి. చోటు మాత్రం ఇప్పుడే చూసుకుని వద్దాం.

దేవరకొండలో పొద్దున బస్సు ఎక్కగానే ఫోన్ చెయ్యి. డిండి దాటాక ఎండ ముదురుతుంది. బస్సులో కూడా నీళ్లు తాగుతూ రా.

మీ పెద్దమ్మ