పాప నోట్‌బుక్ నిండా మంత్రశక్తులే... గాలి సోకిందంటున్నారు!

ప్రశ్న: మా పాపకు 12 ఏళ్లు. ఈమధ్యే పెద్దమనిషైంది. మా అత్తగారి మాట కాదనలేక తొమ్మిది రోజులు మూల కూర్చోబెట్టాం. విడిగా కంచం, గ్లాసు, గాలి సోకకుండా పక్కన ఇనుప ముక్క. ఇప్పటికీ నెలనెలా కంచం విడిగానే. ఫంక్షనైతే ఘనంగా చేశాం. అప్పట్నుంచి తలుపేసుకుని ఏదో రాసుకుంటోంది. చాటుగా చూశాను. ఏదో గూడెం, అక్కడ ఈడేరిన పిల్లను ఒంటరిగా గుహలో ఉంచుతారట. బయటికొచ్చేసరికి నీళ్లతో మాట్లాడే శక్తి వస్తుందట! మంత్రగాడితో తాయెత్తు కట్టించాలని అత్తగారి పట్టు. నాకేమో టెన్షన్. ఏం చేయను?

జవాబు: గాలీ లేదు, ధూళీ లేదు. మీ పాప కథ రాస్తోందమ్మా.

ఆ గుహ మీ ఇంట్లో చాప వేసిన మూలే అనిపిస్తోంది. ఎవర్నీ ఎందుకు తాకకూడదని అడిగితే మీరేం చెప్పారు? చాలా ఇళ్లలో వినిపించేది ‘అదంతే’ అన్న మాటే. కారణం ఎవరూ చెప్పకపోతే పిల్లలు తామే ఒకటి అల్లుకుంటారు. మీ పాప అల్లినది నాకు నచ్చింది కూడా. అమెరికాలోని అరిజోనాలో ఉండే అపాచీ ఆదివాసీ తెగవాళ్లు పిల్ల ఈడేరితే నాలుగు రోజుల వేడుక చేస్తారు. తను గంటల తరబడి నాట్యం చేస్తుంది. మీద పసుపుపచ్చ పుప్పొడి చల్లుతారు. ఆ రోజుల్లో ఆమెలో నయం చేసే శక్తి ఉంటుందని నమ్మి, పెద్దవాళ్లు కూడా ఆశీస్సుల కోసం ఆమె దగ్గరికే వస్తారు. మనమేమో చిమ్మిలి పెట్టి, పట్టుచీర కట్టి, అది ముట్టుకోకు, ఇది ముట్టుకోకు అంటాం.

ముందు నోట్‌బుక్ చూశానని పాపతో చెప్పేయండి. కోపం తెచ్చుకుంటే తెచ్చుకోనివ్వండి. తర్వాత ‘గుహలో ఆ పిల్లకు భయమేయలేదా?’ అని అడిగి ఊరుకోండి. మధ్యలో సర్దిచెప్పొద్దు. ఇంకో రోజు వీలు చూసుకుని, మొదటి ఒకట్రెండేళ్లు నెలసరి సరిగ్గా రాకపోవచ్చని, ప్యాడ్ నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలని చెప్పండి. ఫంక్షన్ హడావుడిలో ఇవే మర్చిపోతుంటాం.

ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీస్తానని అత్తగారంటే, పాప సరేనంటే తీయనివ్వండి. మంత్రగాడి గడప మాత్రం తొక్కొద్దు. నిద్ర, తిండి తగ్గినా, చదువు మీద ధ్యాస పోయినా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నాయన్నా, బతకాలని లేదన్నా ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

వచ్చే నెలసరి నుంచి ఆ విడి కంచం తీసేయండి. అత్తగారికి ఆ మాట చెప్పాల్సింది మీరు కాదు, మీవారు.